గొట్టం వంగే తీరు, అతుకు నిలిచే తీరు

మోటారు సైకిలు చట్రాన్నో, రేసు కారు చట్రాన్నో ఎనిమిదో వంతుకు, పదో వంతుకు కుదించి నమూనా తయారుచేసేవారి ముడిసరుకు రెండు నుంచి ఐదు మిల్లీమీటర్ల వ్యాసమున్న లోహపు గొట్టం. దాని గోడ మందం అర మిల్లీమీటరు కూడా ఉండదు. ఇంత సన్నని గొట్టాన్ని ఉన్నపాటున వంచితే నొక్కుపడి మడతపడుతుంది. మంట పెట్టి అతకబోతే క్షణాల్లో ఎర్రబడుతుంది, ఏమరుపాటుగా ఉంటే కరిగి కూలిపోతుంది. వంపుకూ అతుకుకూ వేడి కావాలి, రెండింటినీ పాడుచేసేదీ ఆ వేడే. ఏ దశలో ఎంత వేడి, గొట్టంలో ఏ చోట అన్నది తెలిస్తే పని చాలావరకు తెలిసినట్టే. మిగిలినదంతా ఆకురాయితో, ఓపికతో సాగేది.

బోలుగా ఉండడంలోని బలం

చట్రానికి కడ్డీ కాకుండా గొట్టం ఎందుకన్న ప్రశ్నకు జవాబు లెక్కలో ఉంది. ఏ కడ్డీ వంగినా దాని ఒక అంచు సాగుతుంది, ఎదుటి అంచు కుదించుకుంటుంది. నడిమధ్యన ఉన్న లోహం సాగదు, కుదించుకోదు, అంటే వంపును ఎదిరించడంలో దాదాపు పాలుపంచుకోదు. ఆ పనిలేని లోహాన్ని తీసేస్తే మిగిలేది గొట్టం. 4 మి.మీ. వ్యాసం, 0.35 మి.మీ. గోడ మందం ఉన్న గొట్టం, అంతే వ్యాసమున్న నిండు కడ్డీతో పోలిస్తే మూడో వంతు కన్నా కాస్త తక్కువే తూగుతుంది. బిగువు మాత్రం సగానికి పైగా ఉంటుంది. అదే బరువుకు కడ్డీ తీసుకుంటే దాని వ్యాసం 2.26 మి.మీ. దగ్గర ఆగిపోతుంది. ఆ కడ్డీ కన్నా ఈ గొట్టం ఐదు రెట్లు బిగువైనది.

గొట్టపు చట్రాలను రెండు జాతులుగా విడదీసి చూడవచ్చు. మొదటిది నిటారు గొట్టాలను త్రిభుజాలుగా పేర్చి కట్టేది. రుడాల్ఫ్ ఊలెన్‌హౌట్ ఆధ్వర్యంలో మెర్సిడెస్-బెంజ్ 1952లో రేసులకు దించిన 300 ఎస్ఎల్ చట్రం ఇలాంటిదే. అది సుమారు 50 కిలోలే తూగేది. పక్కల గొట్టాల అల్లిక ఎత్తుగా లేవడంతో మామూలు తలుపులకు చోటు లేకపోయింది. పక్షి రెక్కల్లా పైకి లేచే తలుపులు అలా పుట్టాయి. 1959లో వచ్చిన మజెరాటి టిపో 61 ఇంకా ముందుకు వెళ్లింది. దాదాపు 200 సన్న గొట్టాలను వెల్డింగ్ చేసి అల్లిన దాని చట్రాన్ని చూసినవారు ఆ కారుకు పక్షి పంజరం అని పేరు పెట్టారు.

ఇలాంటి అల్లికకు ఎన్ని గొట్టాలు కావాలో 1864లోనే జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ సూత్రం చెప్పాడు. కూడళ్ల సంఖ్యను మూడుతో హెచ్చించి అందులోంచి ఆరు తీసేస్తే, చట్రం కదలకుండా నిలవడానికి కావలసిన గొట్టాల సంఖ్య వస్తుంది. ఘనాకారపు పెట్టెకు ఎనిమిది కూడళ్లు, కాబట్టి 18 గొట్టాలు కావాలి. అంచులు పన్నెండే. మిగతా ఆరూ, ముఖానికి ఒకటి చొప్పున వేసే కర్ణాలు. నమూనా చేసేవారు కంటికి ఇరుకుగా ఉందని ఒక కర్ణాన్ని వదిలేస్తే ఆ ముఖం కూడళ్ల దగ్గర నలుగుతుంది. అతుకులు ఎంత బాగా పెట్టినా ఆ లోటు తీరదు.

రెండో జాతి చట్రానికి కర్ణాలు తక్కువ, వంపులు ఎక్కువ. దీనికి పేరెన్నికగన్న ఉదాహరణ ఐర్లండ్‌కు చెందిన రెక్స్ మెక్‌కాండ్లెస్ రూపకల్పన చేయగా నార్టన్ కంపెనీ 1950లో రేసులకు తెచ్చిన ఫెదర్‌బెడ్ చట్రం. ఎడమ పక్క ఒకటి, కుడి పక్క ఒకటి చొప్పున రెండు పొడవైన గొట్టాలు స్టీరింగ్ తల దగ్గర మొదలై, ఇంజను కింది నుంచి వెనక్కి వెళ్లి, పైకి లేచి, మళ్లీ స్టీరింగ్ తల దగ్గరికే వచ్చి ఒకదానినొకటి దాటుకుంటాయి. మజెరాటి చట్రపు నమూనా అతికేవారి నేర్పుకు పరీక్ష అయితే, ఫెదర్‌బెడ్ నమూనా వంచేవారి నేర్పుకు పరీక్ష.

ఫెదర్‌బెడ్ గొట్టం వ్యాసం అంగుళంపావు, అంటే 31.75 మి.మీ. ఎనిమిదో వంతు చేస్తే 3.97 మి.మీ. అంగుళాల్లో అది సరిగ్గా 5/32. నమూనాల కోసం అమ్మే ఇత్తడి గొట్టాలు అంగుళంలో 32వ వంతు చొప్పున పెరుగుతూ వస్తాయి కాబట్టి ఈ కొలత నేరుగా దొరుకుతుంది. గోడ మందం మాత్రం అలా కలిసిరాదు. అసలు గొట్టం 16 గేజిది, 1.63 మి.మీ. మందం. ఎనిమిదో వంతు 0.2 మి.మీ. అవుతుంది. దుకాణంలో దొరికేది 0.35 మి.మీ. ఈ తేడాను లోటుగా కాక వరంగా తీసుకోవాలి. గోడ ఎంత పలచనైతే వంపులో అంత త్వరగా నొక్కుపడుతుంది.

బలం సంగతికి వస్తే, కొలతలు ఎనిమిదో వంతు అయినప్పుడు గొట్టపు అడ్డుకోత వైశాల్యం 64వ వంతు అవుతుంది, బరువు ఏకంగా 512వ వంతుకు పడిపోతుంది. కాబట్టి నమూనా చట్రంలో ప్రతి చదరపు మిల్లీమీటరు మీద పడే భారం అసలు బండిలో పడేదానిలో ఎనిమిదో వంతే. ఉక్కు బదులు ఇత్తడి వాడినా చట్రం నిలవడానికి కారణం ఇది.

ఏ లోహం

ఈ పనికి ఇత్తడే మొదటి ఎంపిక కావాలి. 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు కలిసిన ఇత్తడి బాగా వంగుతుంది, ఏ టంకమైనా దాన్ని పట్టుకుంటుంది, 915 డిగ్రీల సెల్సియస్ దాకా కరగడం మొదలుపెట్టదు. రాగి ఇంకా మెత్తన. ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేసే దుకాణాల్లో క్యాపిలరీ పేరుతో దొరికే రెండు మిల్లీమీటర్ల రాగి గొట్టం గోడ మందంగా ఉండి, చేత్తో వంచినా నొక్కుపడదు. ఎగ్జాస్టు పైపులకు, బ్రేకు గొట్టాలకు బాగా కుదురుతుంది. చట్రానికి మాత్రం పనికిరాదు, తాకితే చాలు వంగిపోతుంది. రాళ్లమీద పాకే రేడియో కంట్రోల్ బండ్లకు చట్రం ఉక్కుతో చేయాలి. కార్ల బ్రేకు పైపుగా అమ్మే 4.75 మి.మీ. ఉక్కు గొట్టం అందుకు సరిపోతుంది. దానిమీద జింకు పూత ఉంటే మంట పెట్టేముందు గీకేయడం తప్పనిసరి. కాలిన జింకు పొగ పీలిస్తే చలిజ్వరం వస్తుంది. ఒక మిల్లీమీటరు చుట్టుపక్కల కొలతలకు ఇంజక్షన్ సూదుల స్టెయిన్‌లెస్ గొట్టం ఉంది. 18 గేజి సూది బయటి వ్యాసం 1.27 మి.మీ. అల్యూమినియం తేలికే గానీ దాని ఉపరితలాన్ని ఎప్పుడూ కప్పి ఉండే ఆక్సైడ్ పొర రెండువేల డిగ్రీలు దాటితే తప్ప కరగదు, కింది లోహమేమో 660 డిగ్రీలకే కరుగుతుంది. కొత్తగా ఈ పనికి పూనుకున్నవారు దాని జోలికి పోకపోవడం మంచిది.

వంపులో ఏం జరుగుతుంది

గొట్టం వంగేటప్పుడు వంపు వెలుపలి గోడ సాగుతుంది, లోపలి గోడ నొక్కుకుంటుంది. ఎంత సాగుతుందో తేలిగ్గానే లెక్కకడతారు. గొట్టం వ్యాసార్థాన్ని వంపు వ్యాసార్థంతో భాగిస్తే చాలు. 4 మి.మీ. గొట్టాన్ని 16 మి.మీ. వ్యాసార్థంతో వంచితే వెలుపలి గోడ ఎనిమిదో వంతు, అంటే 12.5 శాతం సాగాలి. వ్యాసార్థం 8 మి.మీ.కి తగ్గితే 25 శాతం. దుకాణం నుంచి వచ్చిన గట్టి ఇత్తడి గొట్టం పది శాతం సాగేలోపే తెగుతుంది. అదే గొట్టాన్ని కాల్చి మెత్తబరిస్తే యాభై శాతం సాగినా తట్టుకుంటుంది.

తెగడం కన్నా ముందే ఎదురయ్యే చిక్కు మరొకటి ఉంది. సాగిన వెలుపలి గోడలోని బిగువు దాన్ని వంపు కేంద్రం వైపు లాగుతుంది. నొక్కుకున్న లోపలి గోడలోని ఒత్తిడి దాన్ని వంపు కేంద్రానికి దూరంగా తోస్తుంది. రెండు గోడలూ ఒకదానివైపు ఒకటి జరిగి, గుండ్రటి గొట్టం కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. చదునైన గొట్టం ఇంకా తేలిగ్గా వంగుతుంది, వంగినకొద్దీ ఇంకా చదునవుతుంది. ఒక హద్దు దాటాక లోపలి గోడ ఒక్కసారిగా లోనికి కుంగి మడతపడుతుంది. కొబ్బరిబొండాంలో వేసిన స్ట్రాను వంచితే చివరికి జరిగేది ఇదే. ఈ చదునుబడే గుణాన్ని 1927లో బ్రేజియర్ అనే పరిశోధకుడు గణితంతో వివరించాడు. అందుకే ఇంజనీర్లు దీన్ని ఇప్పటికీ బ్రేజియర్ ప్రభావం అంటారు. వంచేవారి ఉపాయాలన్నీ, పేర్లు వేరైనా, గొట్టాన్ని చదునుబడనివ్వకుండా పట్టి ఉంచడానికే.

అన్నిటికన్నా ముందు గొట్టాన్ని మెత్తబరచాలి. గొట్టాన్ని తయారుచేసేటప్పుడు అచ్చులోంచి లాగడం వల్ల లోహపు రేణువులు నలిగి, లోపల చిక్కుముళ్లు పడి గట్టిపడి ఉంటాయి. 450 నుంచి 650 డిగ్రీల మధ్య వేడిచేస్తే ఆ రేణువులు కొత్తగా ఏర్పడి లోహం మెత్తబడుతుంది. ఇత్తడి ఆ వేడికి వచ్చిందో లేదో రంగు చెబుతుంది. నీడలో చూస్తే ముదురు ఎరుపు అప్పుడప్పుడే కనబడుతుంది. ఎండలో ఈ పని చేయకూడదు, వెలుతురులో ఆ ఎరుపు కనబడక గొట్టం మితిమీరి కాలుతుంది. అతిగా కాలిన ఇత్తడిలో రేణువులు మరీ పెద్దవై, వంచాక బయటి గోడ నారింజ తొక్కలా గరుకుగా తేలుతుంది. 0.35 మి.మీ. గోడకు మంట కొన్ని సెకన్లు తగిలితే చాలు. మంటను ఒక చోట నిలపకుండా వంపు పడే భాగమంతటా ఆడించాలి. ఉక్కులా ఇత్తడి నీళ్లలో ముంచితే గట్టిపడదు, కాబట్టి చల్లారేదాకా కాచుకుని ఉండనక్కరలేదు. ఇక్కడ ఒక విచక్షణ అవసరం. వంపు పడే చోటును మాత్రమే మెత్తబరచి మిగతా గొట్టాన్ని గట్టిగానే వదలాలి. చట్రమంతా కాల్చేస్తే వంపులు అందంగా వస్తాయి గానీ నిటారు భాగాలు చెయ్యి తగిలినా వంకరపోతాయి.

మెత్తబరిచాక గొట్టానికి లోపలి నుంచి ఆసరా ఇవ్వాలి. రెండు చివరలా బిరడా బిగించి నింపిన సన్నని పొడి ఇసుక అన్నిటికన్నా పాత పద్ధతి. ఇసుకలో కాస్త తడి ఉన్నా మంట తగిలినప్పుడు ఆవిరై బిరడాను ఎగరగొడుతుంది. 3 మి.మీ. లోపు గొట్టాల్లో ఇసుక సరిగ్గా కూరుకోదు, లోపల సరిపోయే మెత్తని రాగి తీగనో సోల్డర్ తీగనో దూర్చి వంచడం మేలు. వంపు స్వల్పమైతే తీగను లాగేయవచ్చు, సోల్డర్ తీగనైతే కరిగించి తీయవచ్చు. ఆ కరిగించిన సోల్డర్ లోపలి గోడకు కాస్తయినా అంటుకుంటుంది కాబట్టి, తర్వాత వెండి టంకం పెట్టాల్సిన గొట్టంలో దాన్ని వాడకూడదు. 70 డిగ్రీలకే, అంటే వేడినీళ్లలోనే కరిగే ఉడ్స్ మెటల్ అనే మిశ్రమం బిస్మత్, సీసం, తగరం, కాడ్మియంలతో తయారవుతుంది. నింపి, వంచి, వేడినీళ్లలో వేస్తే మొత్తం కారిపోతుంది. అయితే సీసం, కాడ్మియం రెండూ విషాలు, పిల్లలుండే ఇంట్లో దానికి చోటు లేదు. బాకా వంటి ఇత్తడి వాద్యాలు చేసే పాశ్చాత్య కర్మాగారాలు సబ్బు కలిపిన నీళ్లను గొట్టంలో గడ్డకట్టించి వంచుతాయి. సబ్బు వల్ల మంచు పెళుసుగా విరగకుండా సన్నని రవ్వగా ఏర్పడి గొట్టంతోపాటు వంగుతుంది. ఇళ్లలో వైరింగు చేసే ఎలక్ట్రీషియన్లు పీవీసీ పైపులో స్ప్రింగు దూర్చి వంచే పద్ధతి వెనక ఉన్నదీ ఈ సూత్రమే. నమూనాల గొట్టాలకు స్ప్రింగును లోపల కాక బయట తొడుగుతారు.

లోపలి ఆసరా సరే, బయటి నుంచి కూడా ఒకటి ఉంటే వంపు ఇంకా కచ్చితంగా వస్తుంది. చుట్టూ గాడి తీసిన చక్రం చుట్టూ గొట్టాన్ని తిప్పి వంచడం ఉత్తమ పద్ధతి. చదునుబడే గొట్టం పై నుంచి కిందికి తగ్గినంత మేరా పక్కలకు ఉబ్బి తీరాలి. గాడి వెడల్పు సరిగ్గా గొట్టమంత, లోతు అందులో సగం ఉంటే పక్కలకు ఉబ్బే దారి మూసుకుపోతుంది, దాంతో చదునుబడడమూ ఆగుతుంది. గాడి అర మిల్లీమీటరు ఎక్కువ వెడల్పైనా దాని ప్రయోజనం పోతుంది. లేత్ అందుబాటులో ఉన్నవారు ఇత్తడి లేక గట్టి కర్ర బిళ్లమీద ఒక్కో గొట్టం కొలతకు ఒక్కో గాడి తీసుకుని పెట్టుకోవడం మంచిది. ఆ బిళ్లను బెంచి వైస్‌లో బిగించి, గొట్టం ఒక చివరను కదలకుండా పట్టి, గాడి ఉన్న మరో చిన్న చక్రంతో ఒకే వేగంతో, ఆగకుండా నొక్కుతూ తిప్పాలి. ఆగి ఆగి వంచితే ఆగిన చోటల్లా చిన్న కోణం మిగిలిపోతుంది.

చెయ్యి వదిలాక గొట్టం కాస్త వెనక్కి విచ్చుకుంటుంది. లోహంలో శాశ్వతంగా సాగిన భాగం అలాగే ఉండిపోతుంది, సాగి తిరిగి రాగల భాగం వెనక్కి వస్తుంది. గట్టి లోహం ఎక్కువగా, మెత్తబరిచినది తక్కువగా విచ్చుకుంటుంది. 90 డిగ్రీలు కావాలంటే కొన్ని డిగ్రీలు ఎక్కువే వంచాలి. ఎన్ని అన్నది అదే గొట్టపు ముక్క ఒకదాన్ని వంచి చూసి తేల్చుకోవాల్సిందే, పుస్తకంలో చూసి కాదు. ఫెదర్‌బెడ్ లాంటి చట్రంలో కుడి ఎడమలు సరిపోలాలంటే రెండింటికీ ఒకే గొట్టంలోని ముక్కలు తీసుకుని, ఒకే విధంగా మెత్తబరచి, ఒకే చక్రం మీద వరసగా వంచాలి. రెండో గొట్టాన్ని మరో రోజుకు వాయిదా వేసినవారికి తేడా కంటికే తెలుస్తుంది.

ఎక్కువమంది తడబడేది పొడవు లెక్కలో. 16 మి.మీ. వ్యాసార్థంతో 90 డిగ్రీలు వంచినప్పుడు గొట్టం మధ్యరేఖ వెంబడి పట్టే పొడవు 25.1 మి.మీ. మూలను చదరంగా ఊహించుకుని కొలిస్తే 32 మి.మీ. వస్తుంది. ఒక్కో వంపుకు దాదాపు 7 మి.మీ. తేడా. నాలుగు వంపులున్న గొట్టంలో అది 27 మి.మీ. పైమాటే. రెండు వైపులా కొంత అదనపు పొడవు వదిలి, వంచిన తర్వాతే చివరలు కోయడం అన్నివిధాలా క్షేమం. ఆ అదనపు పొడవే వంచేటప్పుడు చేతికి పట్టుగా కూడా ఉపయోగపడుతుంది. కోసేటప్పుడు గొట్టం లోపల కడ్డీ ఉంచితే గోడ నలగదు. చక్రపు కట్టర్ వాడితే లోపలి అంచున పొక్కు మిగులుతుంది, దాన్ని తీసేయాలి.

అతుకు: ముందు ఆకురాయి, తర్వాతే మంట

ఒక గొట్టం చివర మరో గొట్టం పక్కకు ఆనే చోట, చివర చదరంగా కోసి పెడితే రెండూ రెండు చుక్కల దగ్గరే తగులుతాయి. మిగతాదంతా ఖాళీ. ఆ ఖాళీని టంకంతో పూడ్చడమే నమూనాల్లో కనిపించే అతుకుల లోపాల్లో సగానికి మూలం. చివరను చేప నోరులా, ఎదుటి గొట్టపు గుండ్రానికి సరిపోయేలా తొలవాలి. రెండూ 4 మి.మీ. గొట్టాలై లంబంగా కలిస్తే ఆ నోరు లోతు సరిగ్గా వ్యాసార్థమంత, 2 మి.మీ. ఉంటుంది. 4 మి.మీ. గుండ్రటి ఆకురాయి ఉంటే నేరుగా దానితోనే రాయవచ్చు. లేకపోతే కాస్త సన్నని కడ్డీకి ఎమెరీ కాగితం చుట్టి, మొత్తం వ్యాసం 4 మి.మీ. అయ్యేలా చూసుకుంటే ఆకురాయి కన్నా నునుపైన నోరు వస్తుంది. గొట్టాలు ఏటవాలుగా కలిసే చోట నోటి ఒక పెదవి పొడుగ్గా, మరొకటి పొట్టిగా ఉంటుంది. అక్కడ గొట్టాన్ని ఆ కోణంలోనే పట్టి రాయాలి. వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే సందు ఎక్కడుందో కనబడుతుంది. అచ్చు కాగితం మందం సుమారు 0.1 మి.మీ. దాని ముక్క సందులో వదులుగా దూరితే పని ఇంకా మిగిలి ఉన్నట్టు లెక్క.

ఇంత పట్టింపు అందం కోసం కాదు. కరిగిన టంకం సందులోకి వెళ్లేది కేశనాళికీయత వల్ల. ద్రవం లోహాన్ని తడిపితే, దాని తలతన్యత ఇరుకైన సందులోకి దాన్ని లాగుతుంది. సందు ఎంత ఇరుకైతే లాగుడు అంత ఎక్కువ. వెండి టంకానికి 0.05 నుంచి 0.13 మి.మీ. సందు బాగా కుదురుతుంది. అంతకు మించి వెడల్పైతే టంకం లోపలికి పోకుండా అంచున ముద్దగా నిలుస్తుంది. మరీ బిగుతైతే ఆక్సైడ్ పొరను కరిగించే ఫ్లక్స్‌కే దారి ఉండదు. పైగా రెండు గట్టి గోడల మధ్య పలచని పొరగా చిక్కిన టంకం స్వేచ్ఛగా సాగలేదు, అందుకే ఆ పొర అదే టంకపు కడ్డీ కన్నా ఎక్కువ బలం చూపిస్తుంది. ఎక్కువ టంకం పోస్తే ఎక్కువ బలం అన్న నమ్మకం తప్పు.

రెండు గొట్టాలను పొడవునా కలపాలంటే లోపల తొడుగు వేయడం మేలు. షికాగోలోని కె అండ్ ఎస్ సంస్థ ఇత్తడి గొట్టాలు ఒకదానిలో ఒకటి దూరేలా తయారవుతాయి. కొలతకూ కొలతకూ తేడా 0.794 మి.మీ., రెండు గోడల మందం కలిపి 0.711 మి.మీ. మిగిలే సందు ఒక్కో పక్క 0.04 మి.మీ. టంకం పాకడానికి దాదాపు తగిన సందు దానంతటదే ఏర్పడుతుంది. అంచులు మాత్రమే కలిపితే అతుకు వైశాల్యం 4 చదరపు మిల్లీమీటర్లు. 8 మి.మీ. తొడుగు వేసి, ఒక్కో గొట్టంలోకి 4 మి.మీ. చొప్పున దూర్చితే ఆ వైశాల్యం 40 అవుతుంది.

టంకంలో రెండు రకాలు. 450 డిగ్రీల లోపు కరిగేది మామూలు సోల్డర్, ఆ పైన కరిగేది వెండి టంకం లేక బ్రేజింగ్. 60 పాళ్లు తగరం, 40 పాళ్లు సీసం ఉన్న సోల్డర్ 183 డిగ్రీల దగ్గర కరగడం మొదలుపెడుతుంది. పెద్ద మొన ఉన్న సోల్డరింగ్ ఐరన్‌తోనే ఇత్తడి గొట్టాన్ని అతికేయవచ్చు. గొట్టం గట్టిదనం ఏమాత్రం తగ్గదు. స్లాట్ రేసు కార్ల ఇత్తడి చట్రాలు ఎప్పటినుంచో ఇలాగే తయారవుతున్నాయి. దాని బలహీనత నిలకడ భారం. పరమ ఉష్ణమానంలో చూస్తే గది వేడిమి ఆ సోల్డర్ కరిగే స్థానంలో మూడింట రెండు వంతులు. అంత దగ్గరగా ఉన్న లోహం నిరంతరం భారం మోస్తే మెల్లమెల్లగా సాగుతూ పోతుంది. స్ప్రింగు బిగువు ఎప్పుడూ తగిలే సస్పెన్షన్ కూడలికి సోల్డర్ తగనిది ఇందుకే.

55 పాళ్ల వెండి ఉన్న టంకం 630, 660 డిగ్రీల మధ్య కరుగుతుంది. దాని అతుకు చాలాసార్లు గొట్టమంత బలంగా ఉంటుంది. మూల్యం ఏమిటంటే, అంత వేడికి చుట్టుపక్కల ఇత్తడి మెత్తబడిపోతుంది, గట్టి గొట్టం తన బలంలో చెప్పుకోదగ్గ భాగం పోగొట్టుకుంటుంది. ఈ లెక్కను అసలు బండ్ల తయారీదారులూ ఎదుర్కొన్నారు. 1935లో వచ్చిన రెనాల్డ్స్ 531 ఉక్కు గొట్టాన్ని కరిగించి వెల్డింగ్ చేస్తే బలం తగ్గుతుంది కాబట్టి, నార్టన్ రేసు చట్రాలను 900 డిగ్రీల దగ్గర కరిగే రాగి-జింకు మిశ్రమంతో అతికేవారు. అలంకారంగా నిలిపే నమూనాకు సోల్డర్, కదిలి దెబ్బలు తినే నమూనాకు వెండి టంకం అన్న విభజన సబబైనది. రెండూ వాడే చట్రంలో వెండి టంకపు అతుకులన్నీ ముందు పూర్తి కావాలి. సోల్డర్ అంటిన చోట తర్వాత ఎర్రగా కాలిస్తే సీసం, తగరం ఇత్తడిలోకి కరిగి గోడను గుంటలు గుంటలుగా తినేస్తాయి.

వెండి టంకం పని స్వర్ణకారుల కుంపటి దగ్గర తరతరాలుగా జరుగుతున్నదే. ఆకురాయి, శ్రావణం, ఊదుగొట్టం, వెలిగారం అన్నీ ఇక్కడా అవే. వేడి లోహం మీద గాలి తగిలితే ఆక్సైడ్ పొర కడుతుంది, దానిమీద టంకం పాకదు. ఆ పొరను కరిగించి, కొత్తది కట్టకుండా కప్పి ఉంచేది వెలిగారం. అది 743 డిగ్రీల దగ్గర కరుగుతుంది కాబట్టి ఎక్కువ వేడికి కరిగే టంకాలకు సరిపోతుంది. 55 పాళ్ల టంకానికి ముందే కరిగే ఫ్లోరైడ్ ఫ్లక్స్ కావాలి. దాని పొగ పీల్చకూడదు, కిటికీ తెరిచి పని చేయాలి. ముద్దలా పూసిన ఫ్లక్స్ మొదట బుడగలు కడుతుంది, తర్వాత తెల్లగా ఎండి పొక్కుతుంది, 600 డిగ్రీల దరిదాపుల్లో ఒక్కసారిగా నీళ్లలా పలచబడి కింది లోహం మెరుస్తూ కనబడుతుంది. టంకపు తునకను తాకించాల్సిన క్షణం అదే. మంటను టంకం మీద కాదు, గొట్టాల మీద, అందులోనూ మందమైనదాని మీద ఉంచాలి. కరిగిన టంకం వేడివైపు పరుగెడుతుంది. కాబట్టి ఒక పక్క తునక పెట్టి ఎదుటి పక్క వేడిచేస్తే, చేప నోరు చుట్టూ సన్నని వెండి గీత పూర్తిగా తిరిగి వస్తుంది. ఆ గీత అంతటా కనబడితే అతుకు నిండినట్టు. తెల్లని పొగ లేచిందంటే ఇత్తడిలోని జింకు ఆవిరవుతోందన్నమాట. మంటను వెంటనే తీసేయాలి. పాత టంకాల్లో కాడ్మియం ఉండేది, కొనేటప్పుడు అది లేనిదని చూసుకోవడం ప్రాణావసరం.

రెండు చివరలూ మూసుకుపోయే గొట్టానికి లోపలి వైపు, కంటికి కనపడని చోట, అర మిల్లీమీటరు రంధ్రం ఒకటి ముందే వేయాలి. 27 డిగ్రీల గాలిని 627 డిగ్రీలకు తీసుకెళ్తే దాని ఒత్తిడి మూడు రెట్లవుతుంది. ఆ గాలికి దారి లేకపోతే కరిగిన టంకాన్ని తోసుకుని బయటికొస్తుంది. పూర్తయినట్టే కనిపించిన అతుకులో చివరి క్షణాన సూదిమొనంత రంధ్రం తేలడానికి కారణం చాలాసార్లు ఇదే.

వేడికి లోహం పెరుగుతుందన్న సంగతి, అతికేటప్పుడు గొట్టాలను పట్టి ఉంచే జిగ్ తయారుచేసేటప్పుడు గుర్తుండాలి. 100 మి.మీ. ఇత్తడి గొట్టం 600 డిగ్రీలు వేడెక్కితే 1.2 మి.మీ. పెరుగుతుంది. రెండు చివరలా గట్టిగా బిగిస్తే మధ్యలో వంగి, చల్లారాక వంకరగా మిగులుతుంది. ఒక చివర బిగించి, రెండో చివరను జరగనిచ్చే జిగ్ కావాలి. సోల్డర్‌కైతే పూర్తి కొలత బొమ్మ అంటించిన చెక్కమీద మేకులు కొట్టి గొట్టాలను నిలిపినా చాలు. మంట పనికి వేడిని తట్టుకునే సిరామిక్ పలక, ఇనుప కట్టుతీగ వాడాలి. పక్క అతుకు విడిపోకుండా దానిమీద తడిగుడ్డ చుట్టి ఉంచుతారు. టంకం పాకకూడని చోట పెన్సిలుతో గీస్తే ఆ గ్రాఫైటు గీత దగ్గరే అది ఆగిపోతుంది.

అతికిన తర్వాత

చల్లారిన చట్రం మీద ఫ్లక్స్ గట్టి పెంకులా, ఆక్సైడ్ నల్లగా మిగులుతాయి. వేడినీళ్లలో నానబెట్టి, తర్వాత నిమ్మఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్లలో ఉంచితే రెండూ వదులుతాయి. ఇంట్లో ఇత్తడి బిందెల్ని మెరిపించే చింతపండు కూడా తన ఆమ్లంతో ఈ పనే చేస్తుంది, కాకపోతే నెమ్మదిగా. ఇనుప కట్టుతీగ తీసేశాకే ఆమ్లంలో వేయాలి. ఇనుము తగిలితే ద్రావణంలోని రాగి వచ్చి చట్రం మీద ఎర్రగా పూతపడుతుంది. సోల్డర్ కోసం జింక్ క్లోరైడ్ వంటి ఆమ్లపు ఫ్లక్స్ వాడి ఉంటే వంటసోడా నీళ్లతో కడగడం మరవకూడదు. అది గొట్టం లోపల మిగిలితే నెలల తర్వాత పెయింటు కింద ఆకుపచ్చని చిలుము పైకి వస్తుంది.

ఇత్తడికి మరో జబ్బు ఉంది, అది మొదట గుర్తింపునకు వచ్చింది భారతదేశంలోనే. బ్రిటిష్ సైన్యం వానాకాలంలో గుర్రపుశాలల్లో దాచిన తూటాల ఇత్తడి తొడుగులు ఏ దెబ్బా తగలకుండానే పగుళ్లు పడేవి. తయారీలో లోహంలో చిక్కుకున్న బిగువు, గుర్రాల మూత్రం నుంచి లేచే అమోనియా, గాలిలోని తేమ కలిసి ఆ పని చేస్తున్నాయని 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్సన్ అనే పరిశోధకులు వివరించారు. కాల్చకుండా చల్లగా వంచిన ఇత్తడి గొట్టంలోనూ అలాంటి బిగువే చిక్కుకుని ఉంటుంది. అమోనియా కలిసిన ద్రవాలతో తుడిస్తే వంపు వెలుపలి గోడ పగలవచ్చు. దీనికి విరుగుడు వంచిన తర్వాత 250 నుంచి 300 డిగ్రీల దగ్గర కాసేపు ఉంచడం. ఆ వేడికి గట్టిదనం దాదాపు తగ్గదు, లోపలి బిగువు సడలుతుంది. సోల్డర్ కరిగిపోయే వేడి కాబట్టి ఈ పని అతుకులకు ముందే జరగాలి. వెండి టంకం పెట్టిన వంపులకు అతుకు దగ్గర ఈ సడలింపు దానంతటదే జరిగిపోతుంది, దూరంగా ఉన్న వంపులకు మాత్రం విడిగా మంట చూపించాలి. ఆ తర్వాత సన్నని ఎమెరీతో రుద్ది, ఎక్కడా జిడ్డు లేకుండా తుడిచి, లోహానికి అంటుకునే ఎచ్ ప్రైమర్ ఒక పలచని పూత వేస్తే చట్రం రంగుకు సిద్ధమవుతుంది.